ఎమ్మెల్యేగారి వేసవి ఉత్తరం

హైదరాబాద్ నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్ సంఘం 2025 మే నెల సమావేశంలో లిఫ్టు మరమ్మతు, మెయింటెనెన్స్ బకాయిలు అయ్యాక, అజెండా అడుగున ఒక కొత్త అంశం కనిపించింది: ‘ఏటా వేసవిలో ఓటర్లకు ఒక ఉత్తరం రాయవలసిందిగా ఎమ్మెల్యేగారిని కోరుట’. శాసనసభ బడ్జెట్ సమావేశాలు ముగిసిన తర్వాత, మళ్ళీ సభ కూర్చునేలోపు, ఏడాదిలో ప్రభుత్వంలో ఏం జరిగిందో, అందులో తన పాత్ర ఏమిటో ఆయన మాకు కాగితం మీద చెప్పాలన్నది కోరిక. అంశం పెట్టింది సంఘం సెక్రటరీ. ఆవిడది తెనాలి. మేరీల్యాండ్‌లో కొన్నేళ్ళు ఉద్యోగం చేసి వచ్చి ఇక్కడ ఫ్లాట్ కొనుక్కున్నారు. బాగుందని ముందుగా అన్నదీ, వెంటనే అడ్డం తిరిగిందీ ఒక్కరే, సోషల్ సారు. ఈ నల్లగండ్ల ఊళ్ళోనే పుట్టి, జిల్లా పరిషత్ బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కొడుకుతోపాటు మా బ్లాకులోనే ఉంటారు.

ఉత్తరం రావాలని ఇద్దరికీ ఉంది. అందులో ఏం ఉండాలన్న దగ్గరే తగువు. నేను మినిట్స్ రాసేవాణ్ణి. మినిట్స్ పుస్తకంలో ‘చర్చ జరిగినది’ అని రెండు మాటలు రాసి, మిగతాది ఇక్కడ పెడుతున్నాను.

సెక్రటరీ: మాస్టారూ, నేనొక నమూనా రాసుకొచ్చా. నీళ్ళు, డ్రైనేజీ, రోడ్లు, చెరువు. ఒక్కోదాని కింద ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, పని ఎక్కడిదాకా వచ్చింది. ఒక్క పేజీ. అంతకు మించితే ఎవరూ చదవరు.

సారు: ఇది ఎమ్మెల్యే ఉత్తరం గాదమ్మా. డీఈ రాసియ్యాల్సిన రిపోర్టు. దీని మీద ఎమ్మెల్యే సంతకమెందుకు?

సెక్రటరీ: డీఈ మనకి రాయడు కాబట్టి. ఎమ్మెల్యే ఫోన్ చేస్తే కదులుతాడు కాబట్టి.

సారు: మనం ఆయనను పంపింది శాసనసభకు. అక్కడ ఏం జేసిండో నీ కాగితంల ఒక్క ముక్క లేదు. మార్చి 12 నుంచి 27 దాకా సభ నడిచింది. బీసీలకు 42 శాతం రిజర్వేషన్ బిల్లులు పాసయినయి. ఎస్సీ వర్గీకరణ బిల్లు పాసయింది. మూడు గ్రూపులు జేసి 1, 9, 5 శాతం పంచిన్రు, అంబేద్కర్ జయంతి నాడు అమలుకొచ్చింది. 3,04,965 కోట్ల బడ్జెట్ పెట్టిన్రు. మన గేటు కాడికి చెత్త బండి తోలుకొచ్చే పిలగాడు డిగ్రీ చదువుతున్నడు, తెలుసు గదా? వాని నౌకరి సంగతి ఆ వర్గీకరణల ఉన్నది. నీ నాలుగు హెడ్డింగులల్ల అది ఏడ వడ్తది?

సెక్రటరీ: పడదండీ. అవన్నీ ఆ రోజే పేపర్లో వచ్చేశాయి. వాటినే ఆయన మళ్ళీ అచ్చేయించి పంపితే మనకు కొత్తగా తెలిసేదేముంది? ఆయన ఓటు ఎటు వేశారో తెలిస్తే అది కబురు. అదెలాగూ ఉండదు.

సారు: ఎందుకుండది? అడుగుదాం.

సెక్రటరీ: అడిగినా ఆయన దగ్గర రికార్డు ఉండదు. మూజువాణి ఓటు కదా! అవునన్నవాళ్ళు గట్టిగా అన్నారు, బిల్లు నెగ్గింది. ఎవరైనా డివిజన్ కోరితే తప్ప పేర్లు నమోదు కావు. నేనున్న చోట అలా కాదు. చట్టం చివరి ఓటింగులో అవునన్నదెవరో కాదన్నదెవరో రాసి తీరాలని మేరీల్యాండ్ రాజ్యాంగంలోనే ఉంది. సభ జనవరిలో మొదలై తొంభై రోజుల్లో ఏప్రిల్‌కి ముగుస్తుంది. ఆ తర్వాత మా ఏరియా సభ్యుల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చేది. ఈ బిల్లుకి అవునన్నాను, దానికి కాదన్నాను, ఇందుకు అని. మన హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ ఆ సభకే 2010లో ఎన్నికయ్యారు. ఇప్పుడు ఆ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్. ఆవిడ వృత్తి అయితే కౌంటీలో ట్రాఫిక్, రోడ్ల ఇంజనీరు.

సారు: ఇంజనీరు కుర్చీల కూసున్నప్పుడు రోడ్డు జూసింది, సభల కూసున్నప్పుడు చట్టం జూసింది. రెండు పనులకు రెండు కుర్చీలు. నేను చెప్పేది గదే.

సెక్రటరీ: అక్కడ రెండు కుర్చీలూ ఉన్నాయి. ఇక్కడ రెండోది ఏది?

సారు: కార్పొరేటర్ లేడా? 2020 డిసెంబర్‌ల 150 మందిని గెలిపించుకున్నం. 2023 జూన్‌ల వార్డు ఆఫీసులని రిబ్బన్లు కత్తిరించిన్రు. రాజ్యాంగం 74వ సవరణొచ్చి ముప్పై ఏండ్లు దాటె. పన్నెండో షెడ్యూలుల పద్దెనిమిది పనులు పట్టణ సంస్థలకు రాసిపెట్టిన్రు, నీళ్ళు, రోడ్లు, మురికివాడలు, పార్కులు అన్నీ.

సెక్రటరీ: రాసిపెట్టారు. ఇచ్చారా? నీళ్ళు జలమండలివి. 1989 చట్టంతో పుట్టిన సంస్థ అది, దానికి చైర్మన్ ముఖ్యమంత్రి. మాస్టర్ ప్లాన్ హెచ్‌ఎండీఏ చూస్తుంది. చెరువు ఆక్రమణలకి ఇప్పుడు హైడ్రా వచ్చింది, అదీ రాష్ట్ర ప్రభుత్వానిదే. ఫ్లాట్ రిజిస్ట్రేషన్ అప్పుడు మనం కట్టే ఏడున్నర శాతంలో ఒకటిన్నర ట్రాన్స్‌ఫర్ డ్యూటీ. అది స్థానిక సంస్థకి పోవాల్సిన డబ్బు. అదీ ముందు రాష్ట్ర ఖజానాకి వెళ్ళి, అక్కణ్ణుంచి దిగాలి. కార్పొరేటర్ చేతిలో ఇంకేం మిగిలింది, వీధి దీపాలు తప్ప? అందుకే జనం ఎమ్మెల్యే ఇంటికి పోతున్నారు. వాళ్ళకి రాజ్యాంగం తెలియక కాదు, తాళాలు ఎవరి దగ్గరున్నాయో తెలిసి.

ఈ మాటకి సారు వెంటనే జవాబివ్వలేదు. వాళ్ళు ఒప్పుకోలేదు గానీ, నాకు మాత్రం ఇద్దరూ ఒకే గోడకి రెండు వైపుల నుంచి మేకులు కొడుతున్నట్టు అనిపించింది. స్థానిక సంస్థకు అధికారం ఇవ్వని చట్టాలు చేసింది శాసనసభే. దాన్ని మార్చాల్సిందీ అదే. అందుకని కాలువ గురించి రాసినా సభ గురించి రాయకుండా కుదరదు. పైకి అనలేదు, రాసుకున్నాను.

సారు: సరే, నీళ్ళ కాడికే వస్త. మన బోర్లు ఎందుకెండినయి?

సెక్రటరీ: ఎండకి. చుట్టూ టవర్లకి. వెయ్యి అడుగులు దాటినా తడి లేదన్నాడు మొన్న బోరు బండివాడు. పొద్దున్న అయిదింటికే గేటు దగ్గర ట్యాంకరు హారన్. వాచ్‌మన్ నిచ్చెనెక్కి మూత తీసి, కర్ర దించి, తడి ఎక్కడిదాకా అంటిందో చూసి ‘నాలుగు వేళ్ళు వెలితి’ అని అరుస్తాడు. కిందనుంచి డ్రైవరు కాదంటాడు. నేను పుస్తకంలో రాసుకుని సంతకం పెట్టించుకోవాలి. ఏప్రిల్ నుంచీ నా పొద్దు ఇలా తెల్లారుతోంది. మీరేమో నాకు వర్గీకరణ బిల్లు చెబుతున్నారు.

సారు: ఇంకో చట్టం చెప్త విను. వాల్టా. నీళ్ళు, భూమి, చెట్ల చట్టం. 2002ల ఉమ్మడి శాసనసభ చేసింది. కొత్త బోరు వెయ్యాల్నంటే అనుమతి గావాలె. ఉన్న బోర్లు రిజిస్టర్ గావాలె. ఇంకుడు గుంతలు తీపియ్యాలె. అది సరిగ నడిస్తే మన పక్క టవర్లకు అన్ని బోర్లు పడునా? ట్యాంకర్ల కోసమని ఊరవతల బోర్లేసి నీళ్ళమ్ముకునేటోళ్ళు ఉందురా? నీ ట్యాంకర్ బాధకు మూలం ఒక చట్టం అమలుగాకపోవుడు. ‘వాల్టా కింద మా మండలంల ఎన్ని బోర్లకు పర్మిషనిచ్చిన్రు, ఎన్ని దొంగ బోర్లు మూసేసిన్రు’ అని సభల అడిగే హక్కున్నది ఒక్క ఎమ్మెల్యేకే. డీఈ అడగలేడు, కార్పొరేటర్ అడగలేడు.

సెక్రటరీ: అడిగారా ఎవరైనా?

సారు: గదే ఉత్తరంల రాయాల్నంటున్న.

ఇంకొకాయన, థర్డ్ ఫ్లోరు, నిధుల లెక్క తీశారు. ఎమ్మెల్యేకి నియోజకవర్గ అభివృద్ధి నిధి ఏడాదికి 3 కోట్ల నుంచి 2021లో 5 కోట్లకి పెంచారని, ఆ లెక్కన్నా రాయమని అడుగుదామని ఆయన సలహా. సెక్రటరీ గారు ముచ్చటపడి ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచారు. మా శేరిలింగంపల్లిలో ఓటర్లు 7 లక్షల పైన, రాష్ట్రంలోనే పెద్ద నియోజకవర్గం. భాగిస్తే మనిషికి ఏడాదికి 70 రూపాయలు తేలింది.

సారు: భద్రాచలంల ఓటర్లు లక్షన్నర. వాళ్ళకూ అదే 5 కోట్లు. వాళ్ళది మున్నూట ముప్పై చిల్లర, నీది డెబ్బై. ఈ డెబ్బై రూపాయల లెక్క కోసం మనం ఉత్తరం అడగాల్నా? ఇందులనే అన్ని గల్లీ సీసీ రోడ్లు, అన్ని శిలాఫలకాలు. రోడ్డు వర్షానికి లేచిపోతది, బండ మీద పేర్లు మాత్రం ఉంటయి. ఇటు మూడు లక్షల కోట్ల లెక్క జూసే కమిటీకి చైర్మన్ మన ఎమ్మెల్యేనే. పీఏసీ, ప్రజా పద్దుల కమిటీ. కాగ్ రిపోర్టులు పట్టుకొని ఆఫీసర్లను పిలిచి, ఈ పైసలు ఏమైనయి అని అడిగే కమిటీ. మన ఓటుతోని గెలిచినాయన ఆ కుర్చీల కూసుండె. ఏ రిపోర్టు తీసిన్రు, ఎవరిని పిలిసిన్రు, ఏం దొరికింది? గది ఒక పేజీ రాస్తే నేను ఫ్రేము కట్టించుకుంట.

సెక్రటరీ: మంచిదే. మరి లెటర్‌హెడ్ మీద ఏ పార్టీ పేరు వేయించుకుంటారో అడిగారా?

నవ్వులు. ఇది ఎకసెక్కెం అనిపిస్తుంది గానీ, ఆ సాయంత్రం వచ్చిన ప్రశ్నల్లో నా లెక్కన ఇదే గట్టిది. ఎవరినీ నిందించకుండా, రికార్డులో ఉన్నంత వరకు సారు వరసగా చెప్పారు.

సారు: మన ఎమ్మెల్యే అరెకపూడి గాంధీగారు 2014ల టీడీపీ మీద గెలిచిన్రు. తర్వాత టీఆర్ఎస్‌కు పోయిన్రు. 2018ల ఆ పార్టీ మీదనే గెలిచి ప్రభుత్వ విప్‌గ ఉన్నరు. 2023ల బీఆర్ఎస్ మీద గెలిచిన్రు. 2024 జులైల ముఖ్యమంత్రి సమక్షంల కాంగ్రెస్‌ల చేరిన్రని పేపర్లన్నీ రాసినయి. సెప్టెంబర్‌ల పీఏసీ చైర్మన్ అయిన్రు. ఆ కుర్చీ ఆనవాయితీగ ప్రతిపక్షానిది. గడబిడ అక్కడ లేసింది. సభ రికార్డుల ఆయన బీఆర్ఎస్ సభ్యుడే గదా అన్నది ప్రభుత్వ పక్షం. మా పార్టీ వదిలిపోయిండు, అనర్హుణ్ణి చెయ్యాలె అన్నది బీఆర్ఎస్. పది మంది ఎమ్మెల్యేల సంగతి సుప్రీంకోర్టుకు పోయింది, ఏప్రిల్‌ల వాదనలు అయిపోయి తీర్పు ఆగున్నది.

సెక్రటరీ: మరి అది రాయాలా వద్దా ఉత్తరంలో? మీకు సభలో పని కావాలి, నాకు వార్డులో పని కావాలి, ఒప్పుకుంటాను. ఈ మూడో దాని సంగతేంటి? నేను ఏ గుర్తు మీద నొక్కానో అది ఎందుకు మారిందో, లేదా మారలేదనుకుంటే ఎందుకు మారలేదనుకుంటున్నారో, ఆయన మాటల్లో నాకు తెలియాలి. కోర్టుకి ఇచ్చే అఫిడవిట్ లాయరు రాస్తాడు. నాకు ఇచ్చేది ఆయనే రాయాలి.

సారు: ఇది మాత్రం నాకన్న బాగ జెప్పినవు. మొదటి పేరా అదే ఉండాలె.

సెక్రటరీ: అక్కడితో మీ సభ పేజీ బలం సగం తగ్గిపోతుంది మాస్టారూ. 1985లో ఫిరాయింపుల చట్టం తెచ్చారు. విప్ చెప్పినట్టు చెయ్యెత్తకపోతే పదవి పోతుంది. అంటే బిల్లు మీద ఆయన సొంత మాట అంటూ ఏముంది? పార్టీ మారితే మాత్రం ఏళ్ళ తరబడి పిటిషన్ల మీద పిటిషన్లు. కట్టేయాల్సిన దగ్గర వదిలేశారు, వదలాల్సిన దగ్గర కట్టేశారు. హైడ్రానే చూడండి. 2024 జులైలో జీవోతో పుట్టింది. బుల్డోజర్లు తిరిగాయి. అధికారాలిచ్చే ఆర్డినెన్స్ అక్టోబర్‌లో వచ్చింది. సభలో చర్చించి చట్టం చేసి మొదలెట్టింది కాదది. ఇల్లు కూలేదీ చెరువు బతికేదీ జీవోతో అయితే, సభలో ఈయనేం చేశారని ఏం రాస్తారు?

సారు: విప్ ఓటుకే అమ్మా, నోటికి గాదు. ప్రశ్నకు విప్ లేదు. జీరో అవర్‌ల లేసి రెండు నిమిషాలు మాట్లాడనీకి విప్ లేదు. మా పాత ఎమ్మెల్యే పీజేఆర్‌ను జూసినోణ్ణి నేను. అప్పుడు మా ఊరు ఖైరతాబాద్ నియోజకవర్గంల ఉండె. 2009ల గద శేరిలింగంపల్లి వేరు పడ్డది. కృష్ణ నీళ్ళ పోతిరెడ్డిపాడు కాలువ పెంచుతమంటే సొంత పార్టీ ప్రభుత్వాన్నే బాహాటంగ ఎదిరించిండు ఆయన. ఫిరాయింపుల చట్టం అప్పుడూ ఉన్నది.

సెక్రటరీ: ఆయన పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది ఖాళీ బిందెల ధర్నాలు. నీళ్ళు మాస్టారూ. నా నమూనాలో మొదటి హెడ్డింగు.

సారు: ఉండనీ. బిందె పట్టుకొని జనంల కూసున్నడు, సభల గూడ కొట్లాడిండు. ఒకటి జేస్తే రెండోది మాఫీ అని ఆయనకెవ్వలు చెప్పలే.

సెక్రటరీ: పక్కనున్న సెంట్రల్ యూనివర్సిటీ సంగతి తీసుకోండి మరి. కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు, మన నియోజకవర్గంలోనే. సభ మార్చి 27న ముగిసింది. ఉగాది నాడు, 30న, బుల్డోజర్లు దిగాయి. చెట్లు కొట్టడం ఆపింది ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు. పిల్లలు లాఠీ దెబ్బలు తిన్నారు. అప్పుడు మన శాసనసభ్యుడి మాటేమిటి?

సారు: ఆ భూమి కథ ఇరవై ఏండ్లది. 2004ల ఒక స్పోర్ట్స్ కంపెనీకి రాసిచ్చిన్రు, తర్వాత వచ్చిన ప్రభుత్వం 2006ల రద్దు జేసింది, కేసు 2024 దాక నడిచి సర్కారు గెలిచింది. గెలిచిన భూమిని అమ్మాల్నా, అడవిగ ఉంచాల్నా అనేది రాజకీయ నిర్ణయం. రాజకీయ నిర్ణయమంటే సభల తేలాలె, పొద్దుగాల జేసీబీతోని గాదు. ఆయన అమ్ముమంటడా, వద్దంటడా? ఏదన్నా అననీ. కాగితం మీద అంటే చాలు.

సెక్రటరీ: అది రాస్తే పార్టీ ఊరుకోదు.

సారు: రాయకపోతే మనం ఊరుకుంటున్నం గదా, గందుకే రాయరు. అవునమ్మా, ఒక్కటడుగుత. మన అపార్ట్‌మెంట్ల ఇక్కడ ఓటున్నోళ్ళు ఎంతమంది?

సెక్రటరీ గారు మొహం తిప్పుకుని వాటర్ బాటిల్ మూత తీశారు. 2023 నవంబర్ 30న ఈ నియోజకవర్గంలో సగం ఓట్లు కూడా పోలవ్వలేదు. 2024 మే 13న ఆంధ్రలోనూ ఇక్కడా ఒకే రోజు పోలింగ్. మా సెల్లార్‌లో కార్లు సగం దానికి ముందు శనివారమే విజయవాడ హైవే ఎక్కేశాయి.

సెక్రటరీ: నాది ఇక్కడే ఉంది. మా వారిది తెనాలిలో. మార్పించుకోమంటే అక్కడ వాళ్ళ బాబాయ్ పోటీ చేసినప్పుడు పనికొస్తుందంటారు.

సారు: ఉత్తరం ‘ఓటర్లకు’ అని రాయమంటున్నవు. మరి మీ ఆయనకు కాపీ పంపాల్నా, వద్దా?

సెక్రటరీ: పంపాలండీ. ఇంటి పన్ను ఇక్కడే కడుతున్నాడు, ట్యాంకరు నీళ్ళే తాగుతున్నాడు. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో రోజుకి రెండు గంటలు ఇక్కడే కూర్చుంటున్నాడు. ఓటు లేకపోయినంత మాత్రాన ఈయన జనంలో జమ కాడా?

సారు: జమైతడు. ఎమ్మెల్యే లెక్కల మాత్రం కాడు. వాళ్ళ ఇంటి కాడ మనం నిలబడ్డప్పుడు మొదలు చూసేది ఓటర్ లిస్టు. ఊరి బస్తీల నుంచి వొయినోళ్ళకు ఉన్న ఇజ్జతు మన టవర్లోళ్ళకు ఎందుకు లేదో ఆలోచించినవా ఎప్పుడన్నా? వాళ్ళు లైన్ల నిలబడి ఓటేస్తరు.

ఇక్కడ మాటలు కొంచెం వేడెక్కాయి. టవర్లవాళ్ళు, బస్తీవాళ్ళు అనే వాదం మొదలైతే ఏ సమావేశమూ తొందరగా ముగియదు గనక, అది వదిలేస్తున్నాను. చివరికి నన్ను చిత్తుప్రతి రాయమన్నారు. మొదటి అంశం మీద పట్టింపు లేదు: పార్టీ విషయం, ఆయన మాటల్లో. రెండో అంశం దగ్గర మళ్ళీ పేచీ. సారు ‘పీఏసీ పని’ అన్నారు, ఆవిడ ‘నీళ్ళు’ అన్నారు.

సెక్రటరీ: రెండూ కలిపి అడగొచ్చు. ‘వచ్చే సమావేశాల్లో మా తరఫున రాతపూర్వకంగా ఒక ప్రశ్న వేయండి. శేరిలింగంపల్లి మండలంలో వాల్టా కింద బోర్ల అనుమతులెన్ని, మూసినవెన్ని, ఈ వేసవిలో ట్యాంకర్ల మీద ఎన్ని లీటర్లు సరఫరా అయ్యాయి. మంత్రిగారి జవాబు కాపీ మీ ఉత్తరానికి జతచేయండి.’ ఇలా అయితే నా కాగితానికీ మీ సభకీ ఒకే మనిషి సరిపోతాడు.

సారు: గిట్ల ముందే అనొచ్చు గదా. అయితే కాగ్ సంగతి గూడ ఒక లైను. నగరం లెక్కలల్ల కాగ్ పట్టిన తప్పుల మీద కమిటీ ఏం జేసిందని.

సెక్రటరీ: ఒక్క లైనే. పేరా కాదు.

సారు: రెండు లైన్లు.

ఒకటిన్నర దగ్గర ఆగింది. రోడ్ల హెడ్డింగు కొట్టేయాలని సారు పట్టుబట్టారు, ఆవిడ ససేమిరా అన్నారు. అది ఉంది. ‘తమరి అమూల్యమైన సేవలకు కృతజ్ఞతలతో’ అని నేను అలవాటు కొద్దీ రాసిన వాక్యాన్ని ఇద్దరూ కలిసి కొట్టేశారు. ఆ సాయంత్రం చర్చ లేకుండా ఆమోదం పొందింది అదొక్కటే.

సారు: ఇప్పుడు తొందరేమున్నది? సభ ఆరు నెలలు దాటకుండ కూసోవాలె. అంటే సెప్టెంబర్ 27 లోపల. జులైల పంపినా ప్రశ్నకు టైముంటది.

సెక్రటరీ: జులైకి వానలు పడి బోర్లలో నీళ్ళొస్తాయి మాస్టారూ. అప్పుడు ఒక్కరూ సంతకం పెట్టరు. ఈ వారమే పోవాలి.

సారు: అయితే మీ ఆయన ఓటు మార్చే ఫారం 8 గూడ ఈ వారమే.